పండు గుమ్మం లోపల, నల్లమ్మ గుమ్మం బయట

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో పండు అనే పిల్లి ఉంది. మా అపార్ట్‌మెంటు సెల్లారులో, ప్రహరీ మీద, ట్రాన్స్‌ఫార్మర్ వెనకాల ఉన్న ఖాళీ జాగాలో మరికొన్ని పిల్లులు ఎవరివీ కాకుండా బతుకుతున్నాయి. లోపల ఉన్నదాన్ని క్షేమంగా ఉంచాలంటే బయట ఉన్నవాటి బాగోగులు కూడా చూడక తప్పదని గత ఏడాది జరిగిన కొన్ని సంగతుల వల్ల మాకు తెలిసివచ్చింది. ఆ పిల్లులను బోనుతో పట్టి, టీకాలు వేయించి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, మళ్ళీ వాటి చోటనే వదిలిపెట్టిన వ్యవహారాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. వీధికుక్కల ఆపరేషన్లు మునిసిపాలిటీ చూడవలసిన పని అని అందరికీ తెలుసు. పిల్లుల విషయంలో మాత్రం ఎవరిని అడగాలో, ఏ పని ముందు చేయాలో, ఏది తరువాత చేయాలో చెప్పేవాళ్ళు మాకు సులభంగా దొరకలేదు.

ముందు పండు సంగతి చెప్పాలి. పసుపు చారల మగ పిల్లి. రెండు నెలల కూనగా మా ఆడపడుచు ఇంటి నుంచి వచ్చాడు. ఆరో నెలలో ఆపరేషన్ అయింది. గుమ్మం దాటడు. బాల్కనీకి నైలాన్ దోమతెర అయితే గోళ్ళతో చింపేస్తాడని ఇనుప మెష్ బిగించాం. మధ్యాహ్నం పూట మావారి వాలుకుర్చీ అతనిది. ఆ వేళకు ఆయన దివాన్ మీద సర్దుకుంటారు. గిన్నెలో పోసిన నీళ్ళు ముట్టడు, కొళాయిని సన్నటి ధారగా వదిలితే పక్కనుంచి మెడ చాచి తాగుతాడు. ఈ అలవాటును మాన్పించవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. మగ పిల్లుల మూత్రనాళం చాలా సన్నగా ఉంటుందట. నీళ్ళు తక్కువై మూత్రం బిగుసుకుంటే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుందట.

తిండి విషయంలోనూ గారాబం తక్కువేమీ కాదు, కాని దానికి ఒక లెక్క ఉంది. మా చిన్నతనంలో శ్రీకాకుళం పల్లెల్లో ప్రతి ఇంట్లోనూ పాలూ పెరుగన్నంతో పెరిగిన పిల్లి ఉండేది. అయితే ఆ పిల్లులు తమకు కావలసిన మాంసాన్ని ఎలుకల్లోనూ బల్లుల్లోనూ వెతుక్కునేవి. గడప దాటని పిల్లికి ఆ దారి లేదు. టారిన్ అనే పోషకాన్ని పిల్లి శరీరం తనకు సరిపడా తయారు చేసుకోలేదు. అది మాంసం, చేపల నుంచి అందకపోతే చూపు దెబ్బతింటుంది, గుండె కండరం బలహీనపడి ఉబ్బుతుంది. ఈ గుండె జబ్బుకూ టారిన్ లోపానికీ ఉన్న సంబంధాన్ని 1987లో అమెరికా పరిశోధకులు బయటపెట్టిన తరువాతనే కంపెనీలు తమ పిల్లి ఆహారంలో ఆ పోషకం మోతాదును పెంచాయి. చేపను ఉడికించినప్పుడు టారిన్ కొంత నీటిలోకి దిగిపోతుంది కనుక ఆ నీళ్ళు పారబోయకుండా చేపతోనే కలిపి పెడతాను. పచ్చి చేప పెట్టను, ఎందుకంటే కొన్ని రకాల చేపల్లో బి1 విటమిన్‌ను నాశనం చేసే గుణం ఉంటుంది, వండితే అది పోతుంది. ఉల్లీ వెల్లుల్లీ తగిలిన కూర అసలే పెట్టకూడదు, అవి పిల్లి రక్తాన్ని దెబ్బతీస్తాయి. మనకు జ్వరం వస్తే వేసుకునే పారాసిటమాల్ ఒక్క బిళ్ళ పిల్లి ప్రాణం తీయగలదని తెలిశాక మందుల డబ్బాను బీరువాలోకి మార్చాం.

ఇలా సాగుతున్న ఇంటికి కష్టం గండు పిల్లి రూపంలో వచ్చింది. బలమైన మెడ, చిరిగిన చెవి, బూడిద రంగు చారలు. పిల్లలు దానికి పులిరాజు అని పేరు పెట్టారు. అది రోజూ తెల్లవారుజామున మెట్లెక్కి వచ్చి మా ద్వారబంధానికి వీపు తిప్పి, తోక నిలబెట్టి వణికిస్తూ, మూత్రం చిమ్మిపోయేది. ఆపరేషన్ కాని గండు పిల్లి మూత్రం వాసన ఎంత ఘాటుగా ఉంటుందో ఒకసారి పీల్చినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. పండు కిటికీలోంచి దాన్ని చూసేవాడు. తోక బ్రష్‌లా ఉబ్బించి, గొంతులోంచి మేము అంతవరకు వినని ఒక మూలుగు తీసేవాడు. ఒకనాడు ఆ ఆవేశంలోనే వెనక్కి తిరిగి, దగ్గరగా నిలబడి ఉన్న మావారి కాలు పట్టుకుని కరిచాడు. ఆ తరువాత తనూ కర్టెన్ల మీద చిమ్మడం మొదలుపెట్టాడు.

డాక్టరుగారు దీన్ని జబ్బుగా కాక భయంగా చూడమన్నారు. అందుకోలేని శత్రువు మీద పుట్టిన కోపం దగ్గరున్నవాళ్ళ మీదికి మళ్ళుతుంది, ఆ సమయంలో పిల్లిని ఎత్తుకోబోకూడదు, గదిలో దీపం తీసి వదిలేయాలి. కిటికీ కింది సగానికి బయటిది కనపడకుండా కాగితం అంటించమన్నారు. మూత్రం పడిన చోట నల్ల ఫినాయిల్ పోయడం మన ఇళ్ళలో అలవాటు గాని, దానిలోని రసాయనాలను పిల్లి కాలేయం విరిచివేయలేదు. పాదాలకు అంటి, నాకినప్పుడు లోపలికి పోయి విషమవుతుంది. వాసనను మూలంలోనే విరగ్గొట్టే ఎంజైమ్ ద్రవం వాడమన్నారు. అన్నీ చేశాం, కొంత తగ్గింది. కాని గండు పిల్లి రావడం మానలేదు.

అంతకంటే పెద్ద భయం వర్షాకాలంలో వచ్చింది. సెల్లారులో పాత సోఫా వెనకాల నల్లమ్మ ఈనింది. నల్లమ్మ అంటే బొట్టంత తెల్లమచ్చ తప్ప ఒళ్ళంతా నల్లగా ఉండే ఆడ పిల్లి. మా వీధిలోని కూనల్లో ఎక్కువ భాగం దాని సంతానమే. కూనలు కళ్ళు తెరిచి, ఆటలాడే వయసు వచ్చాక ఒకదాని తరువాత ఒకటి నీరసించాయి. పసుపు నురగ కక్కుకున్నాయి. నీళ్ళ గిన్నె ముందుకు వచ్చి కూర్చుని, తల దాని మీదకు వాల్చి, తాగలేక అలాగే ఉండిపోయేవి. ఆ తీరును చూడగానే డాక్టరుగారు పాన్‌ల్యూకోపీనియా అన్నారు. కుక్కల్లో పార్వో వంటిదే ఈ వైరస్. తెల్ల రక్తకణాలను పడగొట్టి, పేగు పొరను తినేస్తుంది. సెలైన్ ఎక్కించినా ఒకే ఒక్క కూన నిలిచింది. వాచ్‌మన్ భార్య చనిపోయిన కూనలను తన పాత చీర ముక్కలో చుట్టి ఖాళీ జాగాలో పాతిపెట్టింది. నేను ఆమె పక్కన నిలబడ్డాను, సాయం చేయడానికి చేయి ఆడలేదు.

ఈ వైరస్ మామూలు వాతావరణంలో ఏడాది దాకా చావకుండా ఉండగలదు, చెప్పులకూ బట్టలకూ అంటుకుని ఇంట్లోకి వస్తుంది. కనుక పిల్లి గుమ్మం దాటకపోతే దానికి టీకా అక్కర్లేదనే మాట నిజం కాదు. పండుకు టీకాలు వేయించి ఉండడం వల్ల అతనికి ఏమీ కాలేదు. పాన్‌ల్యూకోపీనియాతో పాటు జలుబు తెచ్చే రెండు వైరస్‌లకూ కలిపి ఒకే టీకా ఉంటుంది. కూనకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకొకసారి వేయాలి, రేబిస్ టీకా మూడు నెలలు నిండాక వేరే. మామూలు ఫినాయిల్‌కూ డెటాల్‌కూ ఈ వైరస్ లొంగదు, ఒక వంతు బ్లీచ్ ద్రవానికి ముప్పై రెండు వంతుల నీళ్ళు కలిపి ఆ నేలను కడగాలి, అదీ మట్టీ మురికీ ముందు తుడిచేసి, ద్రవం పది నిమిషాలు తడిగా నిలిచేటట్లు చూడాలి. మేము సెల్లారునంతా అలా కడిగించాం. చెప్పులు గుమ్మం బయటే విప్పడం అప్పటినుంచి మా ఇంట్లో కచ్చితమైన నియమమైంది.

కూనల చావు అపార్ట్‌మెంటు అసోసియేషన్ సమావేశానికి ఎక్కింది. గోతాల్లో కట్టి ఫిషింగ్ హార్బర్ దగ్గర వదిలేయిద్దామని ఒకరు, మందు పెట్టించేవాళ్ళున్నారని ఇంకొకరు అన్నారు. పై అంతస్తు మాస్టారు పురిటికి వచ్చిన తమ అమ్మాయి గురించి నిజంగానే భయపడుతున్నారు. “ఏమ్మా, నీ పిల్లి ఇంట్లో ఉంటుంది, నీకేం? పిల్లుల వల్ల కడుపులో బిడ్డకు ప్రమాదమంటున్నారే, దానికేం చెబుతావ్?” అని అడిగారు.

ఆయన అడిగినది న్యాయమైన ప్రశ్న. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గర్భిణికి కొత్తగా సోకితే బిడ్డకు హాని కలగవచ్చన్నది నిజమే. కాని అది పిల్లి వెంట్రుకల్లోనూ ఊపిరిలోనూ ఉండదు, పిల్లి మలంలో ఉంటుంది. ఆ మలం కూడా బయటపడిన ఒకటి నుంచి అయిదు రోజుల తరువాతనే అంటించే స్థితికి వస్తుంది. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు, తోటమట్టి ముట్టి కడుక్కోని చేతులు కూడా దానికి దారులే. వాళ్ళ అమ్మాయి కుండీల పని మానుకుని, కూరగాయలు బాగా కడిగించుకుని, మాంసం బాగా ఉడికించుకుని తింటే చాలునని ఆమెను చూసే డాక్టరమ్మ కూడా చెప్పడంతో మాస్టారు కుదుటపడ్డారు. చట్టం సంగతి మావారు చెప్పారు. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం 1960 నుంచి ఉంది. జంతువును చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ళ దాకా జైలు పడవచ్చు.

చట్టం కంటే అక్కడ పనిచేసినది లెక్క. ఆడ పిల్లి నాలుగైదు నెలల వయసుకే ఎదకు వస్తుంది, చూలు మోసేది సుమారు తొమ్మిది వారాలు, కూనలకు పాలిస్తూండగానే మళ్ళీ చూలు కట్టగలదు. చలిదేశాల్లో పగటి వెలుగు తగ్గిన కాలంలో ఎద ఆగుతుంది, మనకు ఏడాదంతా వెలుగే. ఉన్న పిల్లులను తీసుకెళ్ళి వదిలేస్తే, చేపల తట్టలు దిగే వీధిలో తిండి, సెల్లారులో నీడ అలాగే ఉంటాయి కనుక, పక్క వీధి పిల్లులు వచ్చి చేరతాయి, అవి మళ్ళీ ఈనతాయి. ఆపరేషన్ అయి, టీకా పడిన పిల్లులు ఆ చోటును పట్టుకుని ఉండడమే అందరికీ మేలు. ఖర్చు అసోసియేషన్ నిధి నుంచి ఇవ్వడానికి కొందరు ఒప్పుకోలేదు. పిల్లులంటే ఇష్టమున్న కొన్ని ఇళ్ళవాళ్ళం పంచుకున్నాం.

బోను పట్టడం ఎంతో ఓర్పుతో చేయవలసిన పని. మా డాక్టరుగారికి తెలిసిన ఒక జంతుప్రేమికుల బృందం ఇనుప తీగల బోను అద్దె లేకుండా ఇచ్చింది. పొడుగాటి పెట్టె, లోపలి చివర ఉన్న రేకు పలక మీద పాదం పడగానే వెనక తలుపు జారి పడుతుంది. అంతకుముందు కొన్నాళ్ళు తిండిని ఒకే వేళకు, ఒకే చోట పెట్టి, అరగంటలో గిన్నె తీసేస్తూ, పిల్లులకు వేళ నేర్పాం. ఆ తరువాత తలుపును తాడుతో పైకి కట్టేసి బోనులోనే తిండి పెట్టాం. తీగలు పాదాలకు తగలకుండా అడుగున పాత పేపరు పరిచాం, పైన లుంగీ కప్పాం. పట్టదలచిన ముందు రాత్రి తిండి పెట్టకుండా, ఉదయం వేయించిన నెత్తళ్ళు పలక అవతల పెట్టి, గుమ్మం నుంచి అక్కడిదాకా ఒక్కొక్క ముక్క జల్లాం. ఎండుచేప వాసనకు తట్టుకోగల పిల్లిని నేనింకా చూడలేదు.

పాలిచ్చే తల్లిని పడితే దాని కూనలు ఆకలితో చనిపోతాయి కనుక, ముందు ప్రతి ఆడ పిల్లి పొట్టనూ దూరం నుంచి గమనించాం. చనుమొనలు గులాబీ రంగులో, చుట్టూ వెంట్రుకలు ఊడి కనపడితే ఎక్కడో కూనలున్నట్టే. నల్లమ్మకు మిగిలిన కూన అప్పటికి తనంతట తాను తింటూండడంతో దాన్నే మొదట పట్టాలనుకున్నాం. ఆ ఉదయం వాచ్‌మన్ భార్య మెట్ల దగ్గర నుంచి, “అమ్మా, నల్లమ్మ పడిపోనాది, బేగి రండి!” అని పిలిచింది. నేను వెళ్ళేసరికి నల్లమ్మ తీగలకు ముక్కు కొట్టుకుంటోంది. లుంగీని నాలుగు వైపులా కిందిదాకా దించి చీకటి చేయగానే కదలిక ఆగింది. బట్ట కింద నుంచి ఊపిరి చప్పుడు మాత్రం వేగంగా వినిపిస్తోంది. ఆటోలో ఆసుపత్రి చేరేదాకా బోను నా ఒళ్ళోనే ఉంది.

బోనులో పడిన పిల్లిని మత్తు ఇచ్చేదాకా బయటికి తీయరు. బోనులోనే ఒక పక్కకు అదిమి సూది వేస్తారు. మత్తులో ఉన్నప్పుడే ఆపరేషన్, రెండు టీకాలు, నులిపురుగుల మందు, పేనులకూ గోమార్లకూ మెడ మీద చుక్క మందు, అన్నీ ఒకేసారి అయిపోతాయి. కుక్కలకు అమ్మే, పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉన్న కొన్ని చుక్క మందులు పిల్లుల ప్రాణం తీస్తాయి కనుక పిల్లుల మందే వేస్తున్నారో లేదో అడిగి చూసుకోవాలి. మళ్ళీ పట్టకుండా గుర్తుకోసం ఒక చెవి కొనను అడ్డంగా, సుమారు సెంటీమీటరు మేర, కత్తిరిస్తారు. చూడగానే నాకు మనసు ఒప్పలేదు. కాని దూరం నుంచి కనిపించే గుర్తు అదొక్కటే, అది లేకపోతే అదే పిల్లిని మళ్ళీ పట్టి, మళ్ళీ మత్తిచ్చి, పొట్ట కోసి చూస్తే గాని తెలియదు.

నల్లమ్మను వెంటనే వదలకూడదు. మగ పిల్లిని ఒక రోజు, ఆడ పిల్లిని కనీసం రెండు రోజులు చూసి వదలమన్నారు. మా వెనక బాత్రూమును ఖాళీ చేసి, బోనును అక్కడ పెట్టాం. మత్తు దిగేటప్పుడు ఒళ్ళు చల్లబడుతుంది కనుక ఫ్యాను ఆపి, కింద దుప్పటి మడిచి వేసి, తల నిలబెట్టేదాకా నీళ్ళు గాని తిండి గాని పెట్టలేదు. అక్కడి పని అయ్యాక చేతులు కడుక్కుని, నైటీ మార్చుకుని గాని పండు దగ్గరికి వెళ్ళేదాన్ని కాదు. పండు ఆ రెండు రోజులూ బాత్రూము తలుపు సందు దగ్గర ముక్కు పెట్టి కూర్చున్నాడు, కర్టెన్ మీద చిమ్మలేదు, అరవలేదు. నల్లమ్మ మూడో ఉదయం గిన్నె ఖాళీ చేసింది. ప్రహరీ దగ్గర తలుపు ఎత్తగానే వెనక్కి చూడకుండా ట్రాన్స్‌ఫార్మర్ వెనక్కి పోయింది, సాయంత్రం తిండి వేళకు వచ్చింది.

మిగతా ఆడ పిల్లులు ఒకటొకటిగా పడ్డాయి. అన్నిటికంటే ఆలస్యంగా పడినవాడు పులిరాజు. బోను చుట్టూ తిరిగి, బయట జల్లిన నెత్తళ్ళు మాత్రం తిని పోయేవాడు. చివరికి బోనును ప్రహరీ గోడ పక్కన, ఆకుల మధ్య, అతను నడిచే దారిలోనే పెడితే గాని లోపలికి రాలేదు. ఎత్తేటప్పుడు తీగల సందులోంచి పంజా విసిరి నా మణికట్టు గీరాడు, రక్తం వచ్చింది. వెంటనే కొళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, పసుపూ సున్నమూ ఏమీ పెట్టకుండా, ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాను. వీధి పిల్లి గీరి రక్తం వచ్చిందంటే కుక్క కరిచినంత గట్టిగానే చూడాలి. టీకా చర్మంలోకి ఆ రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు వేస్తారు, టీకా పనిచేయడం మొదలుపెట్టేలోగా కాపాడడానికి గాయంలో వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు వేరుగా ఉంటుంది. ప్రభుత్వాసుపత్రిలో టీకా ఉచితమే. పిల్లి ఆరోగ్యంగా కనపడుతోంది కదా అని ఎవరూ మానకూడదని ఇక్కడ మరీమరీ రాస్తున్నాను.

పులిరాజు ఒంట్లోని హార్మోన్ తగ్గడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ తరువాత ద్వారబంధం దగ్గర వాసన లేదు, అర్ధరాత్రి పసిపిల్లల ఏడుపులా వినిపించే పోట్లాటలు లేవు. “పిల్లులు ఏడవడం మానేశాయమ్మా, నిద్ర పడుతోంది” అని మాస్టారే మెట్ల మీద ఆపి చెప్పారు. పండు కిటికీకి అంటించిన కాగితాన్ని కొంచెం కొంచెంగా కిందికి దించుతూ వచ్చాం. ఇప్పుడు పులిరాజు కారు బోనెట్ మీద ఎండలో పడుకుని ఉంటే పండు చూస్తాడు, తోక కొన కదుపుతాడు, అంతే.

బతికిన కూనను వాచ్‌మన్ పిల్లలు పెంచుకుంటున్నారు. కిలో బరువు దాటాక దానికీ ఆపరేషన్ చేయించాం. తిండి ఇప్పటికీ సాయంత్రం ఒకే వేళకు, ట్రాన్స్‌ఫార్మర్ వెనకాలే, ఎవరి కారు కిందా కాదు. గిన్నెలు అరగంటలో తీసేసి, కడిగి, బోర్లిస్తాం. ఈ నెలలో రెండు చెవులూ నిండుగా ఉన్న తెల్ల ఆడ పిల్లి ఒకటి తిండి వేళకు ప్రహరీ మీద కనపడుతోంది. పొట్ట చూడడానికి ఇంకా దగ్గరికి రానివ్వలేదు. బోనును బ్లీచ్ నీళ్ళతో కడిగి మేడ మీద ఆరబెట్టాను, నెత్తళ్ళు తెమ్మని చేపలమ్మికి చెప్పాను.